గ్రహణం పట్టిన పావుగంట

ఆ ఉదయం టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. సూర్యగ్రహణం బాగా ముదిరిన పావుగంటలో, ఎక్కడో దూరాన ఉన్న అన్నయ్యను తన హామ్ రేడియోలో పలకరించాలి. అంతే. పట్టపగలు ఆమె వాడే రేడియో తరంగాల మీద గొంతు అంత దూరం పోదు. ఎండకు పై ఆకాశంలో ఏర్పడే పొర ఒకటి దాన్ని మింగేస్తుంది. గ్రహణమప్పుడు ఆ పొర పలచబడి, కాసేపు రాత్రిపూటలాగే వినిపిస్తుందని ఆమె వాదన. లిఫ్టులు బాగుచేసే అన్నయ్య అదంతా ఒట్టిదన్నాడు. "నీ గొంతు నాకు వినపడితే నాన్న మోర్స్ కీ నీదే. లేదంటే ఇంకెప్పుడూ అడక్కు," అన్నాడు. టకటకా సందేశాలు కొట్టే తండ్రి వేళ్లకు అరిగిన ఆ ఇత్తడి మీట కోసం ఆమె ఆయన పోయినప్పటి నుంచీ అలమటిస్తోంది.

అడ్డు ఒక్కటే. భవనంలోని మిక్సీలు, వాషింగ్ మెషిన్లు, చవకరకం బల్బులు కలిసి రేడియోలో బరబరమని గోల పెడతాయి. ఆ కాసేపూ వాటిని ఆపమని ఇంటింటా అడిగి రమ్మని మొగుణ్ణి పంపింది. ఆ మహానుభావుడికి మొహమాటం జాస్తి. ఒకరిని సాయం అడగాలంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని కింద భవనం సెక్రటరీతో, "గ్రహణం టైములో కరెంటు సామాన్లు ఆపేస్తే మంచిదటండీ. మా ఆవిడ చెప్పింది," అని నసిగి ఊరుకున్నాడు.

సైన్సు టీచరే చెప్పాక ఇంకేముంది? ఆ మాట రెండో అంతస్తుకు చేరేసరికి ఫ్రిజ్జులు కాలిపోతాయట. మూడో అంతస్తులో ఏకంగా పేలిపోతాయట. జనం గబగబా మెయిన్లు ఆపేశారు. సెక్రటరీ ఒకడుగు ముందుకేసి లిఫ్టు స్విచ్చు కూడా దించేశాడు. పని సాధించానన్న సంబరంతో ఆ లిఫ్టులోనే పైకి వస్తున్న మొగుడు రెండంతస్తుల మధ్య చీకట్లో ఆగిపోయాడు.

పైన టీచరమ్మకు ఇవేమీ తెలియవు. రేడియో బ్యాటరీ మీద నడుస్తోంది, గోల పూర్తిగా మాయమైంది. ఆమె పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. లేదు. కిటికీలో వెలుతురు పుంజుకుంటోంది, పావుగంట కరిగిపోతోంది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు సెక్రటరీ తలుపు తోసుకొచ్చాడు, వెనక సగం భవనంతో. "టీచరుగారూ, మీవారు లిఫ్టులో ఇరుక్కున్నారు. తలుపు సందులో గడ్డపార దూర్చి లేపుతున్నాం, కంగారుపడకండి."

"గడ్డపారా? ముందు లిఫ్టు స్విచ్చు వెయ్యండి."

"గ్రహణం వదిలేలోపు వేస్తే పేలుతుందని మీరేగా చెప్పించారు?"

"నేనెప్పుడు చెప్పానండీ? ఆయన ఆ సందులోంచి దూకబోయి పడిపోతే?" ఆమెకు నిజంగానే భయమేసింది. వీళ్లు వచ్చినప్పటి నుంచీ చేతిలోని మైకు బటన్‌ను గట్టిగా నొక్కిపట్టే ఉన్నానన్న, ఈ మాటలన్నీ రేడియోలో పోతున్నాయన్న సంగతి ఆమెకు గుర్తే లేదు. వేలు సడలగానే రేడియో గట్టిగా పలికింది.

"చెల్లీ, ఆ గడ్డపార తియ్యమను. ఎవరూ తలుపు ముట్టుకోవద్దు. స్విచ్చు వేస్తే ఏదీ పేలదు, లిఫ్టు దానంతటదే అంతస్తుకు చేరుతుంది. బావని కదలకుండా ఉండమను. తొందరగా."

సెక్రటరీ కిందికి పరుగెత్తాడు. కాసేపటికి లిఫ్టు కదిలింది. చెమటతో తడిసి ముద్దైన మొగుడు గుమ్మంలోకొచ్చి, "అందరూ ఆపేశారా?" అని అడిగాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత కళ్లు తుడుచుకుని మైకు తీసుకుంది.

"వచ్చేశారు అన్నయ్యా. అయితే ఇందాకట్నుంచీ నేను పిలుస్తుంటే వింటూనే కూర్చున్నావన్నమాట."

ఆమె మళ్లీ బటను నొక్కింది. భవనమంతా చెవులు రిక్కించింది.

"సరేగానీ, నాన్న కీ ఎప్పుడు పంపిస్తావ్?"

"ఏమీ వినపడట్లేదు," అని అన్నయ్య ఠక్కున జవాబిచ్చాడు.