గుర్తు తెలియని వ్యక్తి - ఒకరు

తెలుగువారంతా ఒకే కుటుంబం!

ఈ మాట నేనన్నది కాదు. బహ్రెయిన్‌లోని మా తెలుగు సౌహార్ద సమితి నియమావళిలో, మొదటి పేజీలో, బంగారు రంగు అక్షరాలతో అచ్చయి ఉంది. ఆ కుటుంబం ఎవరు ఏ వరుసలో కూర్చోవాలో రెండో పేజీలో ఉంది. మొదటి రెండు వరుసలు అతిథులకు. తర్వాతి ఎనిమిది సభ్యులకు. పదకొండు నుంచి చివరిదాకా శ్రామిక సోదరులకు. సోదరులు కాబట్టి వాళ్లకు టికెట్టు లేదు. టికెట్టు లేదు కాబట్టి ఆఖరి బంతిలో భోజనం.

నేను ఆ సమితికి కార్యదర్శిని. ఫైలు నా దగ్గరే ఉంటుంది.

ఈ ఏడాది వార్షికోత్సవంలో మా అధ్యక్షులు చలపతిరావుగారు ఇంద్రజాలం ప్రదర్శించాలని సంకల్పించారు. పోయినేడు ఆయన పాట పాడారు. అందుచేత ఈ ఏడు ఏం చేస్తానన్నా ఒప్పుకోవడానికి కమిటీ సిద్ధంగా ఉంది.

ఈ సంకల్పానికి మూలం ఒక ఏసీ. అమ్వాజ్‌లో ఆయన ఫ్లాటు ఏసీ చెడిపోతే, ఆ బిల్డింగు మెయింటెనెన్సులో పనిచేసే లక్ష్మణ్ వచ్చాడు. పని అయ్యాక నిచ్చెన దిగి, ఒక స్క్రూ గుప్పిట్లో పెట్టి, ఊది, మాయం చేసి, ఆయన భార్య కోమలగారి టీ సాసరు కింద నుంచి తీశాడట. కోమలగారు చప్పట్లు కొట్టారు. ఆ ఇంట్లో ఆవిడ చప్పట్లు కొట్టడం పెళ్లయ్యాక అదే మొదలు. కొట్టింది తనకు కాదన్న సంగతి చలపతిరావుగారిని రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. మూడో రోజు నాకు ఫోను చేశారు.

"సెక్రటరీగారూ, ఇంద్రజాలం మన ప్రాచీన కళ!"

"అవునండీ."

"అంతరించిపోతోంది!"

"అయ్యో!"

"మనం కాపాడాలి. ఆ ఏసీ మనిషిని శుక్రవారం రమ్మన్నాను. మీరూ రండి."

శుక్రవారం లక్ష్మణ్‌కు వారానికి ఒక్కటే సెలవు. గుదైబియాలో ఎనిమిది మంది ఉండే గదిలోంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. అలా ఆరు శుక్రవారాలు వచ్చాడు.

మొదటి రెండు వారాలు, మాయం చేయాల్సిన ఉంగరం సోఫా కింద వెతకడంతోనే సరిపోయింది. చలపతిరావుగారివి ఇరవై ఏళ్లుగా సంతకాలు తప్ప మరేమీ ఎరగని వేళ్లు. గుప్పిట్లో దాచమంటే జారవిడిచేవారు, జారవిడవమంటే దాచేసేవారు. మూడో వారం లక్ష్మణే దారి చూపించాడు.

"సార్, మీరు చేతులు గిట్ల ఊపుండ్రి, సాలు. పని నేను జేస్త. నేను జనంల కూసుంట. మీరు నన్ను పైకి పిలుస్తరు. నిమ్మకాయ నా చేతుల పెడ్తరు. దానికి ముందుగాలనే చిన్న గాటు వెట్టి ఉంటది. ముందటి వరుసల కూసున్న పెద్దసారు ఉంగరం అడిగి రుమాల్ల చుడ్తరు. ఉంగరం ఉందా లేదా అని ఇద్దరు ముగ్గురు రుమాల్ల చెయ్యి వెట్టి జూస్తరు. ఆఖరికి జూసేది నేను. ఉన్నది సార్ అని, తీస్కొని, నిమ్మకాయల దూరుస్త. మీరు రుమాలు దులుపుండ్రి, నిమ్మకాయ గొయ్యుండ్రి. గంతే."

"మరి ఇందులో నేను చేసేదేమిటయ్యా?"

"మీరే గద సార్ మెజీషియన్!"

చలపతిరావుగారు చాలా సంతోషించారు. వారి ఆఫీసులోనూ సరిగ్గా ఇదే పద్ధతి.

అయితే పైకి పిలిచే మనిషి అధ్యక్షులవారికి బొత్తిగా పరిచయం లేనివాడై ఉండాలి. లేకపోతే జనం నమ్మరు. దీనిమీద కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. మొదటి పది వరుసల్లో అందరూ ఒకరికొకరు తెలుసు. సగం మంది చుట్టాలు, మిగతా సగం పోట్లాడుకున్నవాళ్లు. అధ్యక్షులవారు ఎరగరంటే జనం ఠక్కున నమ్మే మనుషులు పదకొండో వరుస నుంచే మొదలవుతారని తేలింది. లక్ష్మణ్‌ను పదిహేనో వరుసలో కూర్చోబెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

లక్ష్మణ్ తనకంటూ అడిగింది ఒక్కటే.

"మైకుల నా పేరు, మా ఊరు జెప్పుండ్రి సార్. నా బిడ్డ కళ ఏడో తరగతి. మా బాపు దుబాయిల స్టేజీ మీద మ్యాజిక్ జేస్తడని బడిల అందరికి చెప్పుకున్నది. ఎవలు నమ్ముతలేరు. ఏడ్సుకుంట ఫోన్ జేసింది. ఆ రోజు ఫోన్ల లైవ్ జూస్తది. దోస్తులను గూడ ఇంటికి పిలిచిందట."

"ఇది బహ్రెయిన్ కదయ్యా, దుబాయి అంటావేం?"

"మా దిక్కు అన్నీ దుబాయే సార్."

"సరే సరే. పేరేం ఖర్మ, శాలువా కప్పించి మరీ చెబుతాను!" అన్నారు చలపతిరావుగారు.

"నేను ఫైల్లో రాసుకుంటాను. నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాను నేను.

ఐదో వారం కమిటీకి ఒక చిక్కు తోచింది. పరిచయం లేని మనిషి పేరు చలపతిరావుగారికి ఎలా తెలుస్తుంది? ఆయన ఎంతో బాధపడ్డారు. "చూశావుగా లక్ష్మణ్, నాదేముంది, కళ ఒప్పుకోవడం లేదు. వచ్చే ఏడు చూద్దాం. అయినా అమ్మాయి నిన్ను చూస్తుందిగా!"

లక్ష్మణ్ తన చేతిలో ఉన్న ఉంగరాన్ని కాసేపు చూశాడు, జేబులో పెట్టుకుని మళ్లీ తీశాడు.

ఆ రోజు నుంచి మా సాధనంతా ఒక్క ముక్క మీదే.

"బాబూ, మనం ఇంతకుముందు ఎప్పుడైనా కలిశామా?"

"లేదు సార్."

"అలా కాదయ్యా! గుండెల్లోంచి రావాలి. అసలు నేనెవరో తెలియనట్టు!"

నలభై సార్లు చెప్పించారు. చలపతిరావుగారి వంతు మాత్రం మొదటిసారే అద్భుతంగా కుదిరింది. లక్ష్మణ్‌ను చూసి కూడా చూడనట్టుండే ఆ చూపు ఎక్కడ నేర్చుకున్నారో గాని, బిల్డింగు లిఫ్టులో రోజూ సాధన చేసినట్టున్నారు. మధ్యలో కోమలగారు టీ తెచ్చి, "చక్కెర సరిపోయిందా లక్ష్మణ్?" అన్నారు. "మీరెవలో నాకు తెల్వదమ్మా" అన్నాడు లక్ష్మణ్. చలపతిరావుగారు "శభాష్!" అని తొడ చరిచారు. కోమలగారు మాత్రం నవ్వలేదు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. ముఖ్య అతిథి సోమేశ్వరరావుగారు పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగి. చలపతిరావుగారు కాలరుకు మైకు తగిలించుకుని, నల్ల కోటుతో వేదికెక్కారు. తెలుగువారంతా ఒకే కుటుంబమని ఐదు నిమిషాలు చెప్పారు. తర్వాత చెయ్యి నుదుటికి ఆనించి దూరంగా చూశారు.

"ఆ వెనకాల... నీలం చొక్కా... నువ్వే బాబూ, పైకి రా!"

లక్ష్మణ్ వచ్చాడు. నిమ్మకాయ అందుకున్నాడు.

"మనం ఇంతకుముందు ఎప్పుడైనా కలిశామా?"

"లేదు సార్. మిమ్ముల జూసుడు ఇదే మొదలు."

ఎంత నిజంగా అన్నాడంటే, నాకే నమ్మబుద్ధయింది! సోమేశ్వరరావుగారి నవరత్నాల ఉంగరం రుమాల్లోకి వెళ్లింది. ఇద్దరు తడిమి ఉందన్నారు. ఆఖరున లక్ష్మణ్ తడిమి ఉందన్నాడు. చలపతిరావుగారు ఆత్మీయత ఉట్టిపడేలా అతని భుజం మీద చెయ్యి వేసి, దగ్గరికి లాక్కుని ఫోటో దిగారు. రుమాలు దులిపారు. ఉంగరం లేదు! చప్పట్లు! నిమ్మకాయ కోశారు.

నిమ్మకాయలో గింజలున్నాయి.

రెండు చెక్కలూ పిండారు. రసం వచ్చింది. సోమేశ్వరరావుగారు కుర్చీ అంచుకు జరిగారు. చలపతిరావుగారికి చెమటలు పట్టాయి. కాలరుకు మైకు ఉన్న సంగతి మరిచిపోయి లక్ష్మణ్ చెవి దగ్గర గుసగుసలాడారు. ఆ గుసగుస హాలంతా ఖంగుమంది.

"లక్ష్మణ్! ఉంగరమేదయ్యా?"

లక్ష్మణ్ నెమ్మదిగా అడిగాడు.

"నా పేరు మీకెట్ల తెల్సు సార్?"

హాలు ఊపిరి బిగబట్టింది. నేను ఫైలు బిగబట్టాను. మా సమితి పరువు పోయిందనే అనుకున్నాను. కాని సోమేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు.

"అద్భుతం! ఉంగరాలు మాయం చేసేవాళ్లను చాలామందిని చూశాను. ఎన్నడూ చూడని మనిషి పేరు చెప్పడం... ఎలా చెప్పారండీ!"

చలపతిరావుగారి ముఖం వికసించింది. "అదేనండీ అసలు అంశం! ఉంగరం ఉత్త వంక!"

"అయితే ఊరు కూడా చెప్పండి!"

"ఊరు! ఊరు!" అని హాలంతా కేకలు.

చలపతిరావుగారు కళ్లు మూసుకున్నారు. కణతలు నొక్కుకున్నారు. కళ్లు తెరిచి లక్ష్మణ్ వంక చూశారు. లక్ష్మణ్ కూడా ఆయన వంకే చూస్తున్నాడు, ఆశగా. నిజం చెబుతున్నాను, ఆ మనిషి ఆశగానే చూశాడు. ఆరు శుక్రవారాలు తన ఊరి గురించి, ఇంటి గురించి చెబుతూనే ఉన్నాడు మరి. చలపతిరావుగారికి ఒక్క అక్షరం గుర్తు రాలేదు. చివరికి నావైపు తిరిగారు.

నేను గబగబా ఫైలు తిప్పాను. దొరికింది. నా చేతిరాతే. "ఇంద్రజాలం: నిమ్మకాయలు - రెండు. రుమాలు - ఒకటి. గుర్తు తెలియని వ్యక్తి - ఒకరు."

నాకు సిగ్గేసింది. ఈ ముక్క సమావేశ నివేదికలో రాయలేదు గాని, నిజంగా సిగ్గేసింది. అబద్ధమనుకుని మేం నలభై సార్లు వల్లె వేయించిన మాట అక్షరాలా నిజమన్నమాట!

లక్ష్మణ్ ఇంకొంచెం సేపు చూశాడు. తర్వాత చలపతిరావుగారి కోటు పైజేబులో రెండు వేళ్లు పెట్టి, ఉంగరం తీసి అందరికీ చూపించాడు. ఫోటో కోసం దగ్గరికి లాక్కున్నప్పుడు పెట్టి ఉంటాడు. ఆయన కాలరు మైకు దగ్గరికి వంగాడు.

"ఊరు ఎల్లాపూర్. ఖానాపూర్ మండలం, నిర్మల్ జిల్లా. కళా, ఇన్నవా బిడ్డా? సార్ మీ బాపు పేరు జెప్పిండు!"

పదకొండో వరుస నుంచి చివరిదాకా జనం లేచి నిలబడ్డారు. మూడో వరుసలోంచి కోమలగారు కూడా లేచారు. ఆవిడ చప్పట్లు అందరికంటే ఆలస్యంగా ఆగాయి.

శాలువా మాత్రం చలపతిరావుగారికే కప్పారు. మెట్లు దిగుతూ ఆయన నా చెవి దగ్గరికి వంగారు. ఈసారి మైకు తీసేసి ఉంది.

"అన్నట్టు సెక్రటరీగారూ, పత్రికలవాళ్లు అడిగితే చెప్పాలి. ఇంతకీ ఏ ఊరన్నాడండీ?"

ఫైలు చూసి చెబుతానన్నాను.