దొరగారి జీపుకు కొత్త కమాన్లు

రోడ్లు బాగుచేయమని అడిగేవాడంత తెలివితక్కువవాడు ఈ ఆంధ్రరాష్ట్రంలో ఇంకొకడు లేడు!

కోపం తెచ్చుకోకండి. నిదానంగా ఆలోచించండి. మా నల్లగుట్టపల్లెకు మైదుకూరు ఎనిమిది మైళ్లు. ఆ ఎనిమిది మైళ్లలో గుంత లేని చోటు వెతకాలంటే పట్టపగలే లాంతరు పట్టుకొని పోవాలి. అన్ని గుంతలూ పూడ్చాలంటే ఎంత కంకర, ఎంతమంది కూలీలు, ఎన్ని టెండర్లు! అదే, ఆ రోడ్డు మీద వచ్చే సర్కారు జీపులెన్ని? ఒక్కటి. దానికి చక్రాలెన్ని? నాలుగు. చక్రానికి కుదుపు మింగే ఇనుపపట్టీల కమాను కట్ట ఒకటి, షాకబ్జరు ఒకటి మార్చామంటే రోడ్డు దానంతటదే నునుపైపోతుంది.

ఇంత సులువైన ఉపాయం చేతిలో ఉండగా రోడ్డు జోలికి పోవడమెందుకు?

ఈ సూత్రం రోడ్లతోనే ఆగనక్కరలేదు. బడి కప్పు కారుతోందా? ఇన్‌స్పెక్టరుగారికి గొడుగు కొనివ్వండి. బావినీళ్లు ఉప్పగా ఉన్నాయా? తనిఖీకి వచ్చిన దొరగారికి గోలీసోడా కొట్టివ్వండి. కరువొచ్చిందా? విచారణకు వచ్చిన ఆఫీసరుకు కడుపునిండా అన్నం పెట్టి, ఆనక పొలాలు చూపించండి. రాజధాని పేరుతో కర్నూల్లో డేరాల కింద ఉడికిపోతున్నామని గుమాస్తాలు గోలపెడుతున్నారట. పెద్దల డేరాలకు నాలుగు వట్టివేళ్ల తడికలు కట్టి, నీళ్లు చల్లి చూడండి. ఎండలు తగ్గాయని మర్నాడే ప్రకటన రాకపోతే నన్నడగండి!

ఇదంతా నా ఊహ అనుకుంటున్నారేమో. కాదు. మా ఊళ్లో ప్రయోగం చేసి, ఫలితం కళ్లారా చూసి మరీ చెబుతున్నాను.

మా ఊళ్లో దస్తగిరమ్మ అని గాజులమ్మే ఆమె ఉంది. మొగుడు పోయినప్పటి నుంచీ ఆ గాజుల గంపే ఆమెకు ఆధారం. మైదుకూరులో సరుకు తీసుకొని పుల్లయ్య ఎద్దులబండిలో వేసుకొని వస్తుంది. ఎంత గడ్డి చుట్టినా, ఎన్ని పాతగుడ్డలు పరిచినా అక్కడ ఎక్కేవి గాజులు, ఇక్కడ దిగేవి గాజుపెంకులు. సగం సరుకు దారిలోనే పోతే ఆమె ఏమమ్మాలి, ఏం తినాలి? అందుకని ఊరంతా కలిసి రోడ్డు కోసం అర్జీ పెట్టాం. మా ఊరి అర్జీలన్నీ రాసేది నేనే. బడిపంతులుగా పెన్షను పుచ్చుకున్నాక నా చేతికి వేరే పని లేదు.

అభివృద్ధి ఆఫీసరుగారు జవాబు పంపారు. స్వయంగా చూడనిదే ఏమీ రాయలేరట. ఆ రోడ్డు మీద ఆయన నడుము నిలవదు గనక స్వయంగా చూడలేరట. ఆయన జీపు మొన్నటి యుద్ధంలో తిరిగి తిరిగి వేలానికొచ్చిన మిలిటరీ సరుకు. రాయి తగిలితే రాయికంటే అదే ఎక్కువ ఎగురుతుంది.

మా సీమవాళ్ల మర్యాద సంగతి మీకు తెలుసు గదా! ఇంటికొచ్చే పెద్దమనిషికి నడుము నొప్పా? ఎంతమాట! ఇంటికింత చొప్పున వేరుశనగకాయలు పోగుచేసి అమ్మి, మైదుకూరులో మెకానిక్కు ఇమాం బాషా షెడ్డుకు పోయాం. రోడ్డు చూడడానికి రావలసిన జీపుకు మేమే కమాన్లు వేయించడానికి పూనుకున్నాం. ఈ ఆలోచన ఎవరిదని అడక్కండి, తర్వాత చెబుతాను.

మొదట విడిభాగాలతో సరిపెట్టాం. రాయచోటిలో మూలబడ్డ కారొకటి ఉంటే దాని కమాను పట్టీలు విప్పించి, ఎక్కడివో ఒక జత షాకబ్జర్లు తెచ్చి, ముందు చక్రాలకు మాత్రం బిగించాడు ఇమాం బాషా. ఆఫీసరుగారు ముందుసీట్లో కూర్చొని, జీపును పరీక్షించడానికని మా రోడ్డు మీద రెండు మైళ్లు వచ్చి చూశారు. ఆయన తల పాపిడి కూడా చెదరలేదు. వెనక కూర్చున్న గుమాస్తా సుంకప్ప మాత్రం ఎగిరెగిరి టాపుకు తల కొట్టుకున్నాడు.

"సార్, రోడ్డు శానా అద్దువానంగా ఉండాది. రాసుకోమంటారా?" అన్నాడు పాపం, నెత్తి తడుముకుంటూ.

సుంకప్ప బొప్పి చూసి నా మనసు కరిగింది. గుమాస్తా మాత్రం మనిషి కాడా? ఈ అతుకుల బతుకు వద్దు, మద్రాసు నుంచి ఫుల్ సెట్టు తెప్పిద్దామన్నాను.

"ముందరవి సాలు అయ్యోరా! ఎనకవి అట్లే ఉండనీండి. బండిలో ఒక్క మనిషికన్నా రోడ్డు తెలియాల గదా!" అన్నాడు ఇమాం బాషా.

రెంచి పట్టేవాడికి పరిపాలన సంగతేం తెలుసునని కసిరాను.

చెక్కపెట్టెలో సెట్టు దిగింది. నాలుగు కమాను కట్టలు, నాలుగు షాకబ్జర్లు, బుష్షులు, బోల్టులు అన్నీ అందులోనే. బిగించాక జీపును ఒకసారి తొక్కి చూశాను. ఉయ్యాల!

తనిఖీ రోజున దస్తగిరమ్మ మైదుకూరులోనే జీపుకు అడ్డంగా నిలబడింది.

"సారూ, ఈ గాజుల గంప మీ బండ్లో పెట్టుకోండి. మా ఊర్లో దిగినాక మీరే ఇప్పి సూడండి. రోడ్డెట్లుండాదో ఇయ్యే సెప్తాయి" అంది.

ఆఫీసరుగారికి ముచ్చటేసింది. గంపను వెనకసీట్లో సుంకప్ప పక్కన పెట్టించి, ఆమెను కూడా ఎక్కించుకున్నారు. ఊళ్లో చావడి ముందు పూలదండతో మేమంతా సిద్ధంగా ఉన్నాం. అందరి ఎదుటా గంప విప్పారు.

ఒక్క గాజు పగల్లేదు!

దస్తగిరమ్మ గంప అడుగుదాకా చెయ్యి పెట్టి దేవింది. "ఒక్కటన్నా పగల్లేదు గదప్పా!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. సరుకు పగిలిందని ఏడ్చిన గాజులామెను చాలాసార్లు చూశాను గాని, పగల్లేదని ఏడ్చిన ఆమెను చూడడం అదే మొదలు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సుంకప్ప వైపు ఆశగా చూశాను. దారంతా నిద్రపోయినట్టున్నాడు, కళ్లు నులుముకుంటున్నాడు. ఆఫీసరుగారు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు: "గాజులు సైతం క్షేమముగా చేరదగిన రోడ్డు. మరమ్మతు అనవసరము."

ఆ మరుసటి వారం పుల్లయ్య బండిలో వచ్చిన సరుకు ఎప్పటిలాగే పెంకులైంది. ఆ పెంకులు మూటగట్టుకొని దస్తగిరమ్మ ఆఫీసుకు పోయింది.

"రోడ్డు బాగుందని నీ గాజులే సాక్ష్యం చెప్పాయి కదమ్మా! మీ ఎడ్లబండికి కమాన్లు లేకపోతే గవర్నమెంటు ఏం చేస్తుంది?" అన్నారట ఆఫీసరుగారు.

న్యాయమే గదా! ఇప్పుడామె గంప నెత్తిన పెట్టుకొని ఎనిమిది మైళ్లూ నడిచే వస్తోంది. ఆమెకున్న కమాన్లు రెండు మోకాళ్లే. వాటికి మద్రాసులో సెట్టు దొరకదు.

జీపుకు కమాన్లు వేయిద్దామన్న ఆలోచన ఎవరిదో చెబుతానన్నాను. నాదే. ఇంకెవరిదవుతుంది? ఈ ఊళ్లో అంత చదువుకున్నవాడిని నేనొక్కడినే!

నిన్న మళ్లీ అర్జీ రాశాను. ఈసారి రోడ్డు ఊసెత్తలేదు. "అయ్యా, తమ జీపు పాత కమాన్లు ఇమాం బాషా షెడ్డులో భద్రంగా ఉన్నవి. దయచేసి వాటిని తిరిగి బిగించుకొని ఒక్కసారి మా ఊరికి రావలసిందిగా ప్రార్థన. తమకు నడుము నొప్పి అయినచో, వెనకవైపు మాత్రం బిగించుకొన్నను చాలును."

దాని కింద మొదటి వేలిముద్ర దస్తగిరమ్మది.