మెడ విరిగిన మాన్‌స్టెరా

ఏప్రిల్ నెలలో ఒక శనివారం పొద్దున హెర్దీన్ చేపల సంతకు బయల్దేరింది. ఆమె తిరిగొచ్చేలోగా ముందుగది కిటికీ అద్దాలు తుడిచిపెట్టి మెప్పు సంపాదించాలని భర్త వీబ నిశ్చయించుకున్నాడు. ఫ్రానేకర్ పట్టణంలో ఆ పూట అంతకన్నా నిరపాయమైన ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు.

అడ్డంగా ఉన్నదల్లా కుండీలో పెరిగే మాన్‌స్టెరా తీగ. పదకొండేళ్ళ కిందట వేలెడంత కొమ్మగా తెచ్చి, నాచు చుట్టిన కర్రకు పాకించి, ఆకు ఆకునూ తడిగుడ్డతో తుడుస్తూ హెర్దీన్ పెంచుకున్న తీగ అది. కింది ఆకుల్లో పచ్చదనం మీద తెల్లచారలు. పైకి పోయేకొద్దీ తెలుపే తెలుపు. వీబ కుండీని జానెడు పక్కకు జరిపాడు. కర్ర ఒరిగింది. టప్పుమంది. అయిదు తెల్లాకులున్న పైభాగం విరిగి అతని భుజం మీద వాలింది.

గబగబా పెరట్లోకి వచ్చి మొక్కల దుకాణానికి ఫోన్ చేశాడు.

"పడిపోయిందండీ! నేనే తోశాను. మెడ దగ్గర విరిగింది. ఒళ్ళంతా తెల్లగా పాలిపోయి ఉంది... ఏమిటీ, కత్తితో శుభ్రంగా కోసెయ్యాలా? సరే, పై ముక్క నీళ్ళలో పెడతాను."

కంచెకు అవతల బట్టలారేస్తున్న పొరుగావిడ చిత్స్కే చేతిలోంచి దుప్పటి జారిపోయింది. పొద్దుట్నించీ హెర్దీన్ అలికిడే లేదు! పోలీసులకు చెబుదామంటే వీబ ముప్పయ్యేళ్ళ పొరుగువాడు. అందుకని చర్చి పాటల బృందానికి చెప్పింది.

అరగంటలో నలుగురు గాయనులతో, పాస్టరుగారితో ఇల్లు నిండింది. పాస్టరు వీబ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎలా జరిగింది నాయనా?"

హెర్దీన్ తీగ సంగతి ఊరంతా ఎరిగిందే కనక వీబకు ఆశ్చర్యం కలగలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి. "అద్దాలు తుడుస్తుంటే అడ్డమొచ్చిందండీ. కాస్త గట్టిగా నెట్టాను."

"అడ్డమొచ్చిందనా!" చిత్స్కే ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇప్పుడెక్కడుంది?"

"పై సగం వంటింట్లో, పూలసీసాలో. కింది సగం ముందుగదిలోనే. చూస్తారా? కోత మాత్రం చక్కగా వచ్చింది."

ఒక గాయని కుర్చీలో కూలబడింది.

అప్పుడే వీధితలుపు తీసుకుని హెర్దీన్ చేపల సంచీతో లోపలికొచ్చింది. "ఏమిటీ జనం? ఎవరు పోయారు?"

"నువ్వేనే తల్లీ!" అంటూ చిత్స్కే ఆమెను వాటేసుకుని భోరుమంది.

అసలు సంగతి తేలాక అందరూ నవ్వారు, వీబ తప్ప. హెర్దీన్ తీగ దగ్గరికి నడుస్తుంటే అతను పాస్టరు వెనక్కి జరిగాడు. ఆమె వంగి, తెగిన చోటును బొటనవేలితో తడిమి, నిట్టూర్చింది.

"దీన్ని కొయ్యాలనుకుని రెండేళ్ళయింది వీబా. తెల్లాకు తన తిండి తాను వండుకోలేదు. పచ్చాకుల కష్టమంతా పైవాళ్ళే తినేస్తున్నారు. కత్తి పట్టుకుంటే నాకు చెయ్యాడేది కాదు. ఈ కణుపు నుంచి ఇక చారలాకులొస్తాయి."

"అయితే నన్నేమీ అనవా?"

"ఎందుకనను? ఇంకోసారి నా మొక్కల్ని ముట్టుకున్నావంటే చూడు. ముందు అందరికీ కాఫీ పెట్టు, పో."

జూన్‌లో కొత్త ఆకు విప్పారింది, సగం పచ్చ, సగం తెలుపు. ఆ పూటంతా మొగుడూ పెళ్ళాలు దాని ఎదుటే కూర్చున్నారు. సగం మాటలు విని ఏదీ నమ్మకూడదని చిత్స్కే ఒట్టు పెట్టుకుంది; మొత్తం వినబడేలా తోటకుర్చీని కంచె పక్కకు జరుపుకుంది.