గీత దాటని కూడలి

ఆ సోమవారం పొద్దున్న చలపతిరావు పెట్టుకున్నది ఒక్కటే పని. ఆఫీసు చేరేలోగా, ఎవరికీ తెలియకుండా వీధిలో జనాన్ని ఒక ఫోటో తీయాలి. ఫోటో పడాలి, తాను మాత్రం బయటపడకూడదు. ఆఫీసులో సహజ ఛాయాచిత్రాల పోటీకి ఆ సాయంత్రమే గడువు. ఇంతకుముందు ఆయన పంపిన ప్రతి ఫోటోలోనూ అందరూ కెమెరాకేసి చూసి పళ్లికిలించారు. "సార్‌వి పాస్‌పోర్టు ఫోటోలు" అని టీమంతా పేరు పెట్టేసింది. ఈసారీ ఓడితే ఆ పేరు రిటైరయ్యేదాకా వదలదని ఆయన దిగులు.

"మెడలో ఐడీ కార్డు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పొట్ట దగ్గర కెమెరా. హైటెక్ సిటీలో ఈ వేషం వేస్తే నన్నెవడూ పట్టించుకోడు" అన్నాడు భార్య ఉమాశ్రీతో.

"పొట్ట దగ్గరైతే కెమెరా అసలే కనబడదు లెండి" అందావిడ.

రాయదుర్గంలో మెట్రో దిగి, కూడలి దగ్గర బాలమ్మ ఇడ్లీ బండి వెనక నక్కాడు.

"ఏంది సారూ, ఇంట్ల అమ్మ తరిమిందా?" అంది బాలమ్మ.

ఆయన బదులు చెప్పేలోపే హెల్మెట్ లేని కుర్రాడొకడు కెమెరాను చూశాడు. ఈ ఊళ్లో రోడ్డు పక్కన నక్కి ఫోటోలు తీసేవాడంటే జనానికి తెలిసిన అర్థం ఒక్కటే, ట్రాఫిక్ పోలీసు.

"అన్నా, చలానా ఫోటోలు కొడుతున్రు!"

కబురు బండ్లకన్నా ముందు పరిగెత్తింది. మోచేతులకు వేలాడే హెల్మెట్లు తలలకెక్కాయి. రాంగ్ రూట్లో వస్తున్నవారు దిగి, బండ్లు తోసుకుంటూ పాదచారులైపోయారు. పచ్చ లైటు వెలిగినా తెల్ల గీత దాటడానికి ఎవరికీ గుండె చాలలేదు.

"నీ పుణ్యాన ఒక్కడు ఆగి తింటలేడు. గీ ఇడ్లీలన్నీ నువ్వే తింటవా?" అని బాలమ్మ గరిటె ఎత్తింది.

అదంతా టెక్ పార్కు గేటు దగ్గర ఈల ఊదే సెక్యూరిటీ కొమురయ్య కంటబడింది. అక్కడ గీత వెనక ఆగిన బండిని అతను ఇంతవరకూ చూడలేదు.

"గింత మర్యాదగ ఆగిన్రంటే పెద్ద మంత్రే వస్తుండు!" అనుకుని అడ్డంగా బారికేడ్లు లాగి, ఈల మీద ఈల వేసి నాలుగు వైపులా ఆపేశాడు.

"ఎవరొస్తున్రన్నా?"

"మంత్రి! జర ఓపిక పట్టున్రి!"

కూడలంతా మెడలు సాచి ఫ్లైఓవర్ వైపు చూసింది. ఒక్క కన్నూ కెమెరా మీద లేదు. చలపతిరావు బటన్ నొక్కాడు. ఇన్నేళ్ల చిక్కు ఒక్క క్లిక్కుతో వీడింది. మంత్రి రాలేదు. కాసేపు చూసి కొమురయ్య బారికేడ్లు తీసేశాడు.

సాయంత్రం ఆయన పంపిన ఫోటో చూసి, పోటీ నిర్వహించే రసజ్ఞ ఫోన్ చేసింది.

"సార్, రూల్స్ చదివారా? ఏఐ బొమ్మలు తీసుకోమండి."

"ఏఐ ఏంటమ్మా! పొద్దున్నే ఇడ్లీ బండి వెనక నక్కి నేనే తీశాను."

"ఊరుకోండి సార్. అందరికీ హెల్మెట్లు! ఒక్క బండీ గీత దాటలేదు! పైగా పచ్చ లైటు! కొంచెం నమ్మేలా చేయించాల్సింది."

మొదటి బహుమతి రాంగ్ రూట్లో ముగ్గురు ఫోన్ చూసుకుంటూ వెళుతున్న బండి ఫోటోకు వచ్చింది. సహజత్వం ఉట్టిపడుతోందని న్యాయనిర్ణేతలు రాశారు.