ఒక దొంగతనం కావలెను

నేరాలు తగ్గించడం అంత మంచి పని కాదని చాలాకాలంగా మొత్తుకుంటున్నాను. ఎవరు వింటారు? మా వీధిలో బట్టలు కుట్టే అక్కయ్య కూడా వినలేదు. ఇప్పుడు అనుభవిస్తోంది.

ఆమె కొట్టు ముందే నర్సమ్మ మెడలో గొలుసు తెంపుకుపోయాడొకడు. పట్టపగలు. వీధి వీధంతా చూసింది. పోలీసులొచ్చి అడిగేసరికి మాత్రం అందరికీ ఒక్కసారిగా చూపు మందగించింది. నేనైతే పేపరు చదువుకుంటున్నాను, తలకిందులుగానైనా సరే.

చూశానని చెప్పింది అక్కయ్య ఒక్కతే. ఫలితం? నాలుగుసార్లు కొట్టు మూసి కోర్టుకెళ్లింది. నాలుగుసార్లూ వాయిదా. ఐదోసారి సమన్లు తెచ్చిన కానిస్టేబుల్‌తో, "నాకేం కనిపించలేదు నాయనా. సూదిలో దారమే ఎక్కించలేకపోతున్నా" అనేసింది.

మర్నాడు కొత్త ప్రాసిక్యూటరమ్మ స్వయంగా వచ్చింది. ప్రభుత్వం తరఫున వాదించే మనిషి కోర్టులో ఉండాలి గానీ, కుట్టుమెషిన్ ఎదుట స్టూలు మీద కూర్చోవడమేమిటి? వెంట వచ్చిన ఎస్సై, పిలవని పేరంటానికొచ్చినట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాలుగుసార్లు తిప్పాం. తప్పు మాదేనమ్మా" అందావిడ.

అక్కయ్య కత్తెర ఆగిపోయింది. ఆ మాటన్న ఆఫీసరును ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"వాడు బెయిలు మీద తిరుగుతున్నాడు మేడమ్. మొన్న ఇటే పోతూ నన్ను చూసి నవ్వాడు. కొట్లో నేనొక్కదాన్నే ఉంటాను."

"అందుకే వచ్చాను. రోజూ ఎస్సైగారు ఇటు తిరుగుతారు. వాయిదా రోజున పదకొండింటికి మీ సాక్ష్యం, పన్నెండున్నరకు మళ్లీ మెషిన్ మీదుంటారు."

"వాయిదా పడితే?"

"పడనివ్వను."

పడలేదు. బోనులో అక్కయ్య చూసింది చూసినట్టు చెప్పింది. గొలుసువాడికి శిక్ష పడింది.

ఆ తర్వాత ప్రతి శనివారం ప్రాసిక్యూటరమ్మ, ఎస్సై ఆ కొట్లోనే కూర్చునేవారు. నోరు మెదపని వీధి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది: ఏ సందులో దీపం వెలగదు, ఏ గోడ వెనక ఎవరు కాపు కాస్తారు. దీపాలు వెలిగాయి. గోడ వెనకవాళ్లు సర్దుకున్నారు. ఆరు నెలలయ్యేసరికి గుమ్మం ముందు విడిచిన చెప్పులు కూడా పోవడం లేదు.

ఇంత ఘోరం జరిగితే పైవాళ్లు ఊరుకుంటారా? ఈ ప్రాంతంలో నేరాలు తగ్గినందున ఆవిడ సేవలు ఇక్కడ అనవసరమని బదిలీ కాగితం పంపారు.

అక్కయ్య ఎస్సైని నిలదీసింది. "మళ్లీ ఆవిణ్ణి ఇక్కడికే వెయ్యాలంటే ఏం చెయ్యాలి బాబూ?"

"కేసులు పెరగాలమ్మా" అన్నాడాయన, నవ్వకుండా.

మర్నాడు మధ్యాహ్నం అక్కయ్య కొట్టు తలుపులు బార్లా తెరిచి, కొత్త మెషిన్ గుమ్మంలోకి జరిపి, భోజనానికి ఇంటికెళ్లింది. గంట తర్వాత ఎంతో ఆశగా తిరిగొచ్చింది.

మెషిన్ పక్కన స్టూలు మీద మా వీధి ఇస్త్రీ బండి తమ్ముడు. గుమ్మంలో నర్సమ్మ. అరుగు మీద నేను, పేపరు లేకుండా.

"తాళం మరిచిపోయావక్కా. చూస్తూ కూర్చున్నాం" అన్నాడు తమ్ముడు.

అక్కయ్య తల పట్టుకుంది.

"ఒక్క గంటైనా ఎవరి పని వాళ్లు చూసుకోలేరా మీరు?"