ఆదోని గడిలో సముద్రం

సముద్రం ఎక్కడ లేదో అక్కడే సముద్రజీవుల గురించి మనకు తెలిసింది తక్కువని సముద్ర సమాచార లోటు భర్తీ మండలి కనుగొంది. ఎవరైనా చూసుకోవచ్చని మండలి ఇంటర్నెట్‌లో బాహాటంగా పెట్టిన పటంలో, సముద్రజీవి జాడ నమోదు కాని గడులన్నీ ఎర్రగా ఉంటాయి. ఆదోని గడి మరీ ఎర్రగా ఉంది. (ఎమ్మిగనూరు కాస్త నయం. అక్కడెవరో రొయ్యల వేపుడు ఫోటో పెట్టారు.)

లోటు పూడ్చడానికి మండలి కుర్రాడు ముస్తాక్ ఫోను పట్టుకుని బజారుకొచ్చి, ఎండుచేపలమ్మే ఖాజాబీ ముందు ఆగాడు. ఖాజాబీకి ఉన్నదల్లా ఒక బుట్ట, దాన్ని పెట్టుకునే జాగా. అవి ఉండబట్టే, ఏటా మిరపకోతలకు గుంటూరు బస్సెక్కే జనాన్ని ఆమె సాగనంపుతుంది గానీ తను ఎక్కదు. ఆ బస్సు కదిలితే చాలు, ఆమె గబగబా వచ్చి బుట్ట పక్కన కూర్చుంటుంది.

"ఫోటో ఎందుకప్పా? జాగా ఖాళీ చేయమంటారా ఏంది?"

"లేదు ఖాలా, నీ చేపలకు పేరొస్తాది."

ఫోటో తీయగానే, చేప ఆరోగ్యం ఎలా ఉందని ఫోనులోని మండలి యాప్ అడిగింది. 'చురుకు', 'నీరసం', రెండే ఉన్నాయి. ముస్తాక్ న్యాయంగా ఆలోచించి 'నీరసం' నొక్కాడు.

వారం తిరక్కుండా మండలి అధికారి శేషన్న జీపు దిగాడు. ఆదోనిలో సముద్రచేపలు బయటపడ్డాయి గానీ నీరసంగా ఉన్నాయట. ఉప్పు శాతం మాత్రం సంతృప్తికరం. (నాకి చూశారు.) గుడ్లు పెట్టి కోలుకునేదాకా అమ్మకం నిషేధం.

"సచ్చిపోయినేవి గుడ్లెట్ల పెడతాయి సార్?"

"నీరసమనే ఉందమ్మా. సచ్చినాయని యాడా రాయలేదే."

"మరి నేనేం తినాల?"

"పడవుంటే పరిహారమొస్తాది. ఉందా?"

"ఉండేది సార్," అంది పక్కన ఉల్లిగడ్డలమ్మే హనుమక్క. "తుంగభద్ర కాలువ ఎండినప్పుడు అమ్మేసినాది."

శేషన్న శ్రద్ధగా రాసుకున్నాడు. (అమ్మిన పడవకు పరిహారం లేదు.)

అప్పట్నుంచి ముస్తాక్ రోజూ వచ్చి, చేపలు బెదరకుండా మూత మెల్లగా ఎత్తి తొంగిచూసేవాడు.

"ఏమన్నా కదిలినాయా ఖాలా?"

"నేనే కదలాల్సొచ్చేట్టుంది బేటా."

పిల్లి రెండు చేపలు ఎత్తుకుపోతే, సంఖ్య తగ్గిందని నిషేధం పొడిగించారు.

ఒక పొద్దున ఖాజాబీ గుంటూరు బస్సు కిటికీ పక్కన కూర్చుంది. కింద నిలబడిన హనుమక్కతో, "మూత గట్టిగా పెట్టు హనుమక్కా, మల్లా పిల్లొస్తాది," అని బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది. కదిలాక కూడా చెప్పింది గానీ వినబడలేదు.

ఆ నెల నివేదికలో మండలి ఇలా రాసింది: "ఆదోనిలో మిగిలిన సముద్రచేపలు నిలకడగా ఉన్నాయి. మనుషులు కొంత తగ్గారు. ఈ ప్రాంతంలో అది ఏటా సహజమే."