నిమ్మకాయ కట్టిన డ్రోను

ఆ రోజుకు అన్సర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ప్రొద్దుటూరులో టీ తాగి, స్నేహితుడు మధు బైకెక్కి, పులివెందుల దాటి లింగాల దగ్గరున్న పెంచలమ్మ చీనీ తోటను, అంటే బత్తాయి తోటను, పైనుంచి వీడియో తీయాలి. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి బ్యాటరీలు చార్జింగుకు పెట్టి, కాళ్లు చాపుకొని పడుకోవాలి. మరునాడు జమ్మలమడుగులో పెంచలమ్మ మనవడి పెళ్లి. పెళ్లి వీడియో తన తోటతోనే మొదలు కావాలని ఆమె పట్టుబట్టింది. పెళ్లికొడుకు ముఖం ఆ తర్వాత ఎప్పుడు చూపించినా ఆమెకు అభ్యంతరం లేదు.

ప్లాను చిన్నదే గానీ దాని వెనకాల పెద్ద సంగతి వేలాడుతోంది. అన్సర్ మేనమామ ఖాదర్ కువైట్‌లో ఉంటాడు. మేనల్లుడికి డ్రైవరు వీసా సిద్ధంగా పెట్టుకొని, వారం వారం ఫోన్ చేసి, "గాలిపటాలు ఎగరేసి సంసారం నడుపుతావా?" అని అడుగుతాడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. డ్రోను ఎగిరినంత కాలం అన్సర్ ప్రొద్దుటూరులో ఉండొచ్చు. అది పోయిన రోజు విమానం ఎక్కాలి. అన్సర్ తండ్రి కూడా వయసంతా కువైట్‌లోనే గడిపాడు. తల్లి పేరు మాబున్ని. ఆమె తన మొగుణ్ని కళ్లారా చూసినదానికంటే ఫోన్‌లో విన్నదే ఎక్కువ. కొడుకు కూడా అట్లా ఉత్త గొంతుగా మిగిలిపోతాడేమోనని ఆమె భయం. అందుకే దర్గాలో ఊదించి తెచ్చిన తాయెత్తును ఆ రోజు తెల్లవారుజామున డ్రోను కాలికి నల్లదారంతో కట్టింది.

"దీనికెందుకు అమ్మీ? నా చేతికి కట్టు," అన్నాడు అన్సర్.

"నువ్వు యాడికీ పోవు బేటా. అది పోతే గదా నువ్వు పోవల్ల," అంది మాబున్ని, ముడి బిగిస్తూ.

డ్రోను నేర్పిన గురువు అన్సర్‌కు ఒక అలవాటు చేశాడు. ఎగరేసే ముందు ఐదు వేళ్లూ మడవాలి. చిటికెన వేలు బ్యాటరీకి, ఉంగరం వేలు రెక్కలకు, నడిమి వేలు గాలికి, చూపుడు వేలు దిక్సూచికి, బొటనవేలు ఇంటికి. ఇల్లంటే అది పైకి లేచిన చోటు. దారి తప్పితే అది తిరిగి రావలసింది అక్కడికే. దిక్సూచి తికమకపడితే డ్రోనును రెండు చేతులా పట్టుకొని అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు తిప్పితే సర్దుకుంటుంది. నడిమి వేలి సంగతి మాత్రం గురువు చెప్పకముందే అన్సర్‌కు తెలిసింది. కొత్తలో కమలాపురం పెళ్లిలో భోజనాల బంతి మీదికి డ్రోనును దించితే, ఆ గాలికి విస్తరాకులు వేసినవి వేసినట్టే లేచి మగపెళ్లివారి మీద పడ్డాయి. పెళ్లికూతురి తల్లి గరిటె పట్టుకొని వీధి చివరిదాకా తరిమింది.

తోటలో పెంచలమ్మ డ్రోను చుట్టూ ఒకసారి తిరిగి, తాయెత్తు దగ్గర ఆగింది.

"ఇది ఎవురు కట్టినారు నాయనా?"

"మా అమ్మ కట్టింది జేజీ," అన్నాడు అన్సర్, సొంత అవ్వను పిలిచినట్టు.

"మంచి పని చేసింది. మరి నా తోటకు దిష్టి తగలదా?" అని ఆమె ఇంట్లోకి పోయి ఒక నిమ్మకాయ, రెండు ఎండుమిరపకాయలు తెచ్చింది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇనుప తీగతో వాటిని గుచ్చి, డ్రోను రెండో కాలికి తీగను ఇష్టమొచ్చినన్ని చుట్లు చుట్టింది.

"వద్దు జేజీ, బరువైతాది," అని అన్సర్ నసిగాడు.

"మీ అమ్మ కట్టింది బరువు కాదు, నేను కట్టిందే బరువా?"

ఈ ప్రశ్నకు కడప జిల్లాలో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. అన్సర్ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. బ్యాటరీ నిండుగా ఉంది. రెక్కలు బిగువుగా ఉన్నాయి. గాలి నెమ్మదిగా ఉంది. చూపుడు వేలి దగ్గరికి వచ్చేసరికి రిమోట్ తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. దిక్సూచి తికమకపడుతోంది. పక్కనే అంత ఇనుముంటే పడదా మరి! తీగ విప్పి, డ్రోనును తిప్పితే సరిపోతుంది. కానీ విప్పితే పెంచలమ్మ ఊరుకోదు.

"ఏందప్పా, సగం వేళ్లు మడిచి అట్ల నిలబడినావు?" అన్నాడు మధు. "ఎండ ముదురుతాండాది. కానియ్."

అన్సర్ ఆ ఎర్ర అక్షరాలను బొటనవేలితో పక్కకు తోసేశాడు. ఇంటికోసం మడవాల్సిన వేలు అట్లా వేరే పనికి ఖర్చయిపోయింది.

డ్రోను లేచింది. కాసేపు బుద్ధిగానే తోట మీద తిరిగి వీడియో తీసి, ఆ తర్వాత తాగినవాడి మాదిరి వంకర్లు పోసాగింది. వెనక్కి లాగితే పక్కకు పోయింది. అన్సర్ కంగారుపడి ఇంటికి రమ్మనే మీట నొక్కాడు. దిక్కు తెలియని డ్రోను, ఇల్లు తోట అవతలి గుట్ట వైపు ఉందనుకొని అటు తిరిగి ఇంకా జోరుగా పోయింది. చూస్తుండగానే తెర నల్లబడింది.

"పోయిందా?" అన్నాడు మధు.

"పోయింది."

"యాడికి?"

"కువైట్‌కు," అన్నాడు అన్సర్ నీరసంగా.

పెంచలమ్మ మాత్రం నిబ్బరంగా ఉంది. "నిమ్మకాయ ఉండాది గదా, దానికేమీ కాదు. పోయి తెచ్చుకోపోండి," అని పంపించింది.

గుట్ట చుట్టుకొని పోతుంటే గొర్రెలు మేపుకునే ఒకాయన ఎదురయ్యాడు. "అన్నా, పైన ఏమన్నా ఎగురుకుంటా పోయిందా?" అని అడిగాడు మధు.

"పోవడమేంది, దిగింది గూడా," అన్నాడాయన. "ఆ పల్లెలోకి మాత్రం పోవద్దండప్పా. ఆకాశం నుంచి చేతబడి పడిందంట. నాలుగు తలలంట. ఒగ కన్ను ఎర్రగా, ఒగ కన్ను పచ్చగా మిటకరిస్తాండాదంట."

"మనదే!" అని మధు సంతోషంగా బైకు దూకించాడు.

పల్లెలో జనమంతా ఒక గడ్డివామి చుట్టూ గుమిగూడి ఉన్నారు. వామి నెత్తిన డ్రోను, ఒక కాలికి నిమ్మకాయ, ఒక కాలికి తాయెత్తు వేలాడేసుకొని దర్జాగా కూర్చొని ఉంది. ఎవరూ దగ్గరికి పోకుండా చుట్టూ పసుపునీళ్లు చల్లారు. అన్సర్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. నాదేనని అనబోతుంటే మధు చెయ్యి గట్టిగా నొక్కాడు.

"నోరెత్తొద్దు. మనదంటే ఈ చేతబడి చేసింది మనమే అయితాం."

వామి ముందర ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. ఒకాయన ఊళ్లో గాలీధూళీ సోకినవాళ్లకు విభూతి పెట్టే సంజీవయ్య. ఇంకొకాయన ఊరి చివర దర్గా చూసుకునే లాల్ బాషా.

"నిమ్మకాయ నేను తీస్తా బాషా. అది నా లెక్కలోది. తాయెత్తు నువ్వు ముందు ఇప్పు," అన్నాడు సంజీవయ్య.

"ముందు నిమ్మకాయ పోవల్ల సంజీవన్నా. అది ఉన్నంతసేపు తాయెత్తు మీద నా చెయ్యి ఆడదు."

"తాయెత్తు ఉన్నంతసేపు నా మంత్రమూ ఆడదు గదా!"

ఆఫీసులో ఫైలు మాదిరి డ్రోను ఇద్దరి మధ్యా ఆగిపోయింది. నిమ్మకాయ వాళ్లూ తాయెత్తు వాళ్లూ కలిసి చేసిన చేతబడిని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. జనానికి భయం ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది. ఇట్లాంటిది పులివెందులలో కూడా పడలేదని ఒకాయన మురిసిపోయాడు. దీని మూలంగానే తన బర్రె పాలు తగ్గించిందని ఒకామె చెప్పింది. పోయిన వారం కాలిపోయిన మోటరును కూడా దీని నెత్తికే చుట్టాడు ఇంకొకాయన. వారం ముందు ఇది ఇక్కడ లేదు కదా అని అడిగేవాడు లేడు.

చివరికి సంజీవయ్య, లాల్ బాషా ఒక మాట మీదికి వచ్చారు. ఇద్దరూ కలిసి ఒకేసారి అగ్గిపుల్ల గీస్తే సరి. ఒక ముసలామె కిరోసిన్ డబ్బా తెచ్చింది. అన్సర్ కళ్లముందు డ్రోను, పెళ్లి, ప్రొద్దుటూరు, అమ్మ ముఖం గిర్రున తిరిగాయి.

"కాలబెట్టొద్దండి!" అని అరిచాడు. "అది నాది!"

జనమంతా ఒక్కసారిగా ఇటు తిరిగారు. మధు మెల్లగా బైకు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"తాయెత్తు ఎవురు కట్టినారు?" అన్నాడు లాల్ బాషా.

"మా అమ్మ."

"నిమ్మకాయ?" అన్నాడు సంజీవయ్య.

"తోట పెంచలమ్మ జేజి."

"ఇద్దరూ కలిసి ఎవురి మీద చేపించినారు?" అన్నాడు లాల్ బాషా మళ్లీ.

"నా మీదే మామా," అన్నాడు అన్సర్. "ఇది పెళ్లిళ్ల వీడియోలు తీసే డ్రోను. ఇది పోతే నేను కువైట్‌కు పోవల్ల. నన్ను ఈడనే ఉంచుకోవాలని మా అమ్మ కట్టింది."

ముసలామె కిరోసిన్ డబ్బా కింద పెట్టేసింది. "మా వాడూ ఆడనే ఉండాడు నాయనా," అంది.

"అంతా సరే, ఇది నీదేనని మేం ఎట్ల నమ్మల్ల?" అని వెనకనుంచి మోటరు కాలినాయన లేచాడు.

అప్పుడే ఖాళీ సంగటి గంప నెత్తిన పెట్టుకొని, చేతిలో గరిటెతో వామి యజమానురాలు నాగవేణి చేను నుంచి వచ్చింది. కిరోసిన్ డబ్బా చూసి గంప కింద పడేసింది.

"ఏందిది? నా వామికి నిప్పు పెడతారా?"

నిజమే, వామి మీద ఉన్నదాన్ని కాలబెడితే వామి కూడా కాలుతుందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

"చేతబడీ లేదు, గీతబడీ లేదు," అంది నాగవేణి. "ఆ మాట పుట్టించింది నేనే. ఇది పడంగానే ఊర్లో మొగపిల్లోళ్లంతా కట్టెలు పట్టుకొని వచ్చినారు. ముక్కలు ముక్కలు చేసుందురు. నేనేమో కూలోళ్లకు సంగటి తీసుకపోవల్ల. కాపలా ఎవురుంటారు? నిమ్మకాయ కనపడె. చేతబడి అని ఒగ కేక వేసి పోతి. తాళం వేసినట్ల ఉంటాదనుకుంటి. మీరింత చేస్తారని నాకేం తెలుసు?"

"ఇది డ్రోనని నీకెట్ల తెలుసు?" అన్నాడు సంజీవయ్య.

నాగవేణి అన్సర్ వైపు తిరిగి గరిటె ఎత్తింది. అన్సర్ కాళ్లు వాటంతటవే రెండడుగులు వెనక్కి వేశాయి. ముఖం గుర్తు రాకపోయినా గరిటె గుర్తొచ్చింది.

"కమలాపురంలో మా పాప పెళ్లిలో విస్తరాకులన్నీ వియ్యంకుల మొగాన కొట్టింది ఇదే. ఈ పిల్లోణ్ని తరిమింది నేనే," అని, గరిటె దించి, "దాని మీద నీ ఫోన్ నంబరు రాసి పెట్టుకోవద్దా అప్పా? ఉంటే అప్పుడే ఫోన్ చేసుందును. వీడియో మాత్రం శానా బాగా తీసినావు. పాపను చూడాలని మనసైనప్పుడల్లా అదే చూసుకుంటా," అంది.

అన్సర్‌కు ఏడుపొచ్చింది. తనను తరిమిన మనిషే తన బతుకును కాపలా కాసింది. "నీ మేలు మరిచిపోనక్కా," అన్నాడు, రెండు చేతులూ జోడించి. అంతకంటే మంచి మాట దొరికితే అదీ చెప్పేవాడే.

ఇదంతా తమకు ముందే తెలుసన్నట్టు సంజీవయ్య, లాల్ బాషా తలలూపారు. నిచ్చెన వేసి డ్రోనును దించి, ఎవరు ముందన్న తగువు లేకుండా ఒకేసారి ఒకరు నిమ్మకాయ, ఒకరు తాయెత్తు విప్పి అన్సర్ చేతిలో పెట్టారు. నాగవేణి అన్సర్‌నూ మధునూ ఇంట్లో కూర్చోబెట్టి సంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. గాలి లేకపోయినా అన్సర్ తిన్నంతసేపూ ఎడమచేత్తో విస్తరాకును అదిమి పట్టుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో అంతా విని మాబున్ని, "చూసినావా, తాయెత్తు కట్టబట్టే దొరికింది," అంది. ఫోన్‌లో పెంచలమ్మ నిమ్మకాయ గురించి అదే మాట చెప్పింది. పోవడానికి ఇనుప తీగ కారణమని చెప్పబోయి అన్సర్ ఆగిపోయాడు. పోగొట్టిన నిమ్మకాయే కాపాడింది కూడా. దాని మీద నేరం మోపడానికి అతనికి మనసు రాలేదు. ఖాదర్ మామ ఫోన్ చేస్తే, వీసా ఇంకెవరికైనా ఇచ్చేయమని మాబున్నే చెప్పి పెట్టేసింది. ఆమె గొంతులో అంత ధీమా అన్సర్ ఎన్నడూ వినలేదు.

మరునాడు జమ్మలమడుగు పెళ్లిలో డ్రోను మీద ఫోన్ నంబరు పెద్దగా రాసి ఉంది. తాయెత్తు అన్సర్ చేతికుంది. నిమ్మకాయ, తీగ లేకుండా, అతని చొక్కా జేబులో ఉంది. ఐదు వేళ్లూ ఒకటి తర్వాత ఒకటి మడిచాడు. చూపుడు వేలి దగ్గర డ్రోనును రెండు చేతులా పట్టుకొని పందిరి ముందర నిలబడి అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు తిప్పాడు.

"చూడండి," అంది పెంచలమ్మ చుట్టాలందరికీ వినబడేటట్టు. "ఆ పిల్లోడు మా మనవడికి ఎంత పద్ధతిగా దిష్టి తీస్తాండాడో!"

దిక్సూచికి రెండు చుట్లు చాలు. అన్సర్ మూడోది కూడా తిప్పాడు.